అమ్మవారి కథలో నేను దాచిన సగం

పిస్కాటవే,
గురువారం ఉదయం.

స్మృతీ, మీ నాన్న అమ్మవారి పటం ముందు కూర్చుని, దీపం సాక్షిగా అబద్ధం చెప్పగలడని నువ్వు ఎప్పుడైనా అనుకున్నావా? జవాబు మనసులో అనుకుని, అప్పుడు కిందికి చదువు.

చిరంజీవి సౌభాగ్యవతి స్మృతికి, చిన్నారి ఈషాన్‌కి దీవెనలు. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అలా రాయడం అలవాటు గనక రాశాను. మోకాలి ఆపరేషనై పదకొండు రోజులైంది. వాకర్ పట్టుకుని బాత్రూం దాకా వెళ్లొస్తున్నాను. నాలుగు గంటలు కారులో కూర్చోవడానికి మాత్రం డాక్టరు ససేమిరా అన్నాడు. అందుకని ఈ ఉత్తరం పట్టుకుని నా బదులు మీ అమ్మ వస్తోంది. "అయిందాండీ? ఇంకా ఆలస్యమైతే పదకొండుకి కూడా హెర్న్‌డన్‌లో పిల్ల ఇంటికి చేరను" అని గరాజ్‌లోంచి కేకేస్తోంది. నువ్వేమో ఫోనెత్తడం లేదు. నిన్న పదిహేడుసార్లు చేశాను.

మంగళవారం నువ్వు రాసిన ఈమెయిల్‌కి వరసగా జవాబు చెప్తాను. వేపాకు ఎక్కడ దొరుకుతుందని అడిగావు. ఇండియన్ స్టోర్ ఫ్రీజర్‌లో ఉంటుంది, వాడి పక్కలో వెయ్యి, పరవాలేదు. పెరుగన్నం పెట్టొచ్చా అన్నావు. పెట్టు. ఎన్నాళ్లు మందు ఇవ్వకుండా ఉండాలి అన్నావు. అక్కడే నా చెయ్యి ఆగిపోయింది తల్లీ. సోమవారం మధ్యాహ్నం డేకేర్‌లో తట్టు సోకిన పాపతో ఈషాన్ ఒకే గదిలో ఆడుకున్నాడని, టీకా లేదు గనక మూడు వారాలు తీసుకురావద్దన్నారని రాశావు. చివర్లో "అమ్మవారు వస్తే నాన్న చెప్పినట్టే చేస్తా, నాకు భయం లేదు" అన్నావు.

వెంటనే ఫోన్ చేస్తే నువ్వేమన్నావో గుర్తుందా?

"అమ్మ, డాక్టర్ కలిసి నిన్ను బ్రెయిన్‌వాష్ చేశారు నాన్నా. వీడియోలో నువ్వే కదా చెప్పావ్, అమ్మవారు ఇంటికొస్తే సూది గుచ్చకూడదు అని?"

"చెప్పానమ్మా. తప్పు చెప్పాను."

"అన్ని లెక్చర్స్‌లో ఇదొక్కటే తప్పా? సో కన్వీనియెంట్!"

"నీ చిన్నప్పుడు అన్ని టీకాలూ వేయించాం కదే."

"అప్పుడు నీకు తెలీదు. తర్వాత కనుక్కున్నావ్. నాకు ఆ నాన్న కావాలి, ఈ భయపడే నాన్న వద్దు. మళ్లీ ఈ టాపిక్ ఎత్తితే బ్లాక్ చేస్తా."

ఆ నాన్న ఎలా తయారయ్యాడో చెప్తాను, విను. మందుల కంపెనీలో పాతికేళ్లు పనిచేసి, ఆ జీతంతోనే నిన్ను చదివించి, రిటైరయ్యాక బేస్‌మెంట్‌లో ప్రవచనాలు మొదలుపెట్టాను. నాకు గురువు లేడు. చేతిలో పారాయణ పుస్తకం, పక్కన టౌన్ లైబ్రరీ నుంచి మోసుకొచ్చిన పుస్తకాలు. లోకమంతటా మనుషులు అమ్మనే కొలిచారని నిరూపించాలని నా పట్టుదల. సుమేరులో ఇనాన్నా, అనతోలియాలో సింహాల మధ్య కూర్చున్న సిబెలె, ఈజిప్టులో బిడ్డకి పాలిస్తున్న ఐసిస్, జపానులో సూర్యుడే ఒక దేవి, ఆండీస్ కొండల్లో నేలే తల్లి. వారానికొక దేశం చెప్పేవాణ్ణి. వచ్చేది ఎనిమిది మంది. "మీ ప్రవచనానికి కాదు, నా పులిహోరకి వస్తున్నారు" అని మీ అమ్మ ఎగతాళి చేసేది. నాకు లోపల మండేది.

చదవగా చదవగా ఒక సంగతి నన్ను పట్టి ఊపేసింది. పిల్లల్ని పొట్టన పెట్టుకునే జ్వరాన్ని కూడా మనుషులు చాలాచోట్ల ఒక దేవి చేతిలోనే పెట్టారు. మన దగ్గర ఆటలమ్మ, తట్టమ్మ. ఉత్తరాదిన శీతల. పిల్లల్ని తినే హారీతి బుద్ధుడి మాటతో పిల్లల్ని కాచే తల్లయి, గాంధారం నుంచి జపాను దాకా నడిచింది. ఈజిప్టులో సింహం ముఖంతో సెఖ్మెత్, ఊపిరి వదిలితే తెగులు. ముప్ఫై ఒకటో వారం దాని మీదే మాట్లాడాను. రోగమూ అమ్మే అన్నాను. అమ్మని సూదితో పొడుస్తారా అని గర్జించాను. నా చిన్నతనంలో నాకూ నా చెల్లెలికీ అమ్మవారు పోసిందని, మా నాయనమ్మ వేపమండల మీద పడుకోబెట్టిందని, చుక్క మందు లేకుండా తొమ్మిదో రోజు ఇద్దరం లేచి ఆడుకున్నామని చెప్పాను. ఆ ఎనిమిది మందీ లేచి చప్పట్లు కొట్టారు. యూట్యూబ్‌లో పెడితే ఆ వీడియో మూడు లక్షల మంది చూశారు. నాకు కళ్లు నెత్తికెక్కాయి.

ఆ రోజు నేను దాచినవి రెండున్నాయి స్మృతీ. ఒకటి పుస్తకాల్లోది. సెఖ్మెత్ పూజారులే వైద్యులుగా కూడా పనిచేశారు. తెగులు పంపే తల్లి గుళ్లోంచే వైద్యుడు బయటికొచ్చాడు! బెంగాల్లో ఇంగ్లీషువాడి టీకా రాకముందే మశూచికి టీకా వేసేవాళ్లుండేవారు. శీతలమ్మకి దండం పెట్టి మరీ పిల్లల చేతికి సూది గుచ్చేవారు. ఆ పేజీల్లో పసుపు చీటీలు పెట్టి ఉంచాను. వినిపిస్తే ప్రవచనం వేడి తగ్గుతుందని వినిపించలేదు. అమ్మకీ సూదికీ మధ్య లేని పగ నేనే పెట్టాను.

రెండోది మన ఇంట్లోది. మీ అమ్మకి కూడా తెలియదు. ఆవిడా చదవాలనే కవరు అంటించడం లేదు.

నా చెల్లెలు లేచి ఆడుకోలేదు.

దాని పేరు కోటేశ్వరి. ఐదేళ్లు. నాకు తొమ్మిది. ఏడో రోజుకి నేను లేచి పెరుగన్నం తిన్నాను. దానికి మాత్రం ఎగశ్వాస పట్టుకుంది. పక్కటెముకలు లోపలికి పోయి పైకొస్తుంటే మంచం పక్కన కూర్చుని చూశాను. మా నాన్న పేట ఆసుపత్రికని బండి కట్టాడు. నాయనమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "అమ్మ ఇంట్లో కొలువై ఉంటే పిల్లని గడప దాటిస్తావంట్రా? ఊరుకుంటదా ఆవిడ?" అంది. మా నాన్న వెనక్కి వెళ్లి ఎడ్లని విప్పేశాడు. తొమ్మిదో రోజు పొద్దున కోటేశ్వరి ఒళ్లు చల్లబడింది. అమ్మ తీసుకుపోయిన పిల్ల కోసం ఏడవకూడదన్నారు, ఎవరమూ ఏడవలేదు. ఆ తర్వాత మా ఇంట్లో దాని పేరు ఎత్తలేదు. నీ చిన్నప్పుడు నాకు తోబుట్టువులే లేరని చెప్పాను, వీడియో చూసి ఆ చెల్లెలెవరని నువ్వడిగితే వరసకి చెల్లెలని దాటేశాను. ప్రవచనంలో మాత్రం దాన్ని బతికించాను, చప్పట్ల కోసం.

మా నాయనమ్మని నేను నిందించను. ఆవిడకి తెలిసింది వేపాకే. నాకు అన్నీ తెలుసు. తెలిసీ చెప్పాను. అమ్మ అన్ని ప్రాణుల్లో బుద్ధిగా ఉంది, ఆకలిగా ఉంది, తల్లిగా ఉంది, భ్రాంతిగా కూడా ఉంది అని రోజూ పారాయణ చేస్తాను. నిన్న ఆ భ్రాంతి దగ్గర పుస్తకం మూసేశాను. అది ఎవరిలో ఉందో ఇన్నేళ్లకి తెలిసింది.

నిన్న సాయంత్రం ఆ వీడియో తీసేశాను. గంట తిరక్కుండా డాలస్ నుంచి ఎవరో అదే వీడియో నాకే పంపారు, "గురువుగారూ, అద్భుతం, అందరికీ షేర్ చేశాం" అని. ఎంతమంది తల్లుల ఫోన్లలో ఉందో నాకు తెలియదు. నోరు నాదే, మాట మాత్రం నా చేతిలో లేదు. ఈషాన్‌ని చూసే క్లినిక్‌కి కూడా ఫోన్ చేశాను. తాతనని చెప్పాను, బతిమాలాను. తాత మాట చాలదట, తల్లో తండ్రో సంతకం పెట్టాలట. అల్లుడు నీల్ సింగపూర్ నుంచి శనివారం గానీ రాడు. మంచంలో కాలు చాపుకుని ఉత్తరం రాయడం తప్ప ఇంక నాకు చేతనయ్యేది ఏమీ లేదు.

సోకిన మూడు రోజుల్లోపు టీకా పడితే తట్టుని ఇంకా ఆపే అవకాశం ఉందని డాక్టరు చెప్పాడు. సోమవారం మధ్యాహ్నం రెండు నుంచి లెక్కేసుకో. ఈ మధ్యాహ్నం రెండుతో ఆ గడువు అయిపోతుంది. నా మీద కోపం రేపు చూపించు, జీవితాంతం చూపించు, నాతో మాట్లాడటం మానెయ్, పడతాను. ఇప్పుడు మాత్రం క్లినిక్‌కి ఫోన్ చేసి, తట్టు సోకిన పిల్లతో ఉన్నాడని ముందే చెప్పు, వేరే తలుపు తీస్తారు. ఈషాన్‌ని ఎత్తుకో. చెప్పులు వేసుకో. మీ అమ్మ కారు ఇంజను ఆపకుండా నీ వాకిట్లోనే ఉంది. లే స్మృతీ, ఇప్పుడే వెళ్లు!

ఇట్లు,
నీ కాళ్లు పట్టుకోవడానికైనా సిద్ధంగా ఉన్న
మీ నాన్న, ఉమాకాంత్