ఆమెన్ అనని పూట

బేకర్స్‌ఫీల్డ్, కాలిఫోర్నియా
మార్చి 3

ప్రియమైన ఒలీటా అక్కకు,

ప్రభువు నామంలో నీ చెల్లి లవాన్ వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటా అనుకోకు. ఈ ఇంట్లో పెరట్లో గొణిగినా అమ్మకు వినపడుతుంది. పక్షవాతం ఆమె కుడి పక్కను పట్టుకుంది గాని చెవుల జోలికి పోలేదు.

అమ్మను చూసుకోవడానికి నేను లాండ్రీ పని మానేశాను కదా. దాచిందంతా అయిపోయింది. సొంతవాళ్లను ఇంట్లో చూసుకునేవాళ్లకు కౌంటీ ప్రభుత్వం జీతమిస్తుందంటే దరఖాస్తు పెట్టాను. వేలిముద్రలు తీసుకున్నారు. నా పాత కేసు పైకొచ్చింది. ఫర్నిచర్ దుకాణంలో పనిచేసేటప్పుడు యజమాని చెక్కుల మీద నేను ఆయన సంతకం పెట్టానే, అదే.

కౌంటీ ఆఫీసులో క్వింటేరో అని ఒకావిడ ఉంది. మర్యాదగానే చెప్పింది. "దారి లేకపోలేదమ్మా. మీరు చేసిన నేరమేమిటో మీ అమ్మగారికి తెలియాలి. తెలిసి కూడా 'నాకు ఈమే కావాలి' అని ఆవిడ సంతకం పెట్టాలి."

తెలియాలట అక్కా. జైల్లో ఉన్న ఆ రెండేళ్లూ నేను అలాస్కాలో, చేపల ఫ్యాక్టరీలో ఉన్నానని కదా అమ్మకు చెప్పాం.

సంతకం లేకపోతే నేను మళ్లీ లాండ్రీకి పోవాలి, అమ్మ వృద్ధుల ఆశ్రమానికి పోవాలి. ఒకటి చూసి వచ్చాను. మధ్యాహ్నమైనా ఒక ముసలాయనకు పొద్దుటి ఫలహారం ఒడిలోనే ఎండిపోయి ఉంది. చెబితే అమ్మ గుండె ఆగుతుందేమోనని భయం. చెప్పకపోతే ఇదీ సంగతి. ఏం చేయమంటావు?

నీ మాట కోసం ఎదురుచూసే
లవాన్

సేలం, ఒరెగాన్
మార్చి 9

ప్రియమైన చెల్లీ,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా ప్రాణం నీ దగ్గరే ఉంది. ఇప్పుడే నోరు విప్పకు. అమ్మ ఆ అలాస్కా కబుర్లన్నీ చర్చి సంఘంలో ఆడవాళ్లందరికీ చెప్పుకుంది. ఇప్పుడు తల ఎక్కడ పెట్టుకుంటుంది?

మీ బావ నడుంనొప్పితో పనికి పోవడం లేదు, లేకపోతే ఏదో సర్దేదాన్ని. నాకు చేతనైంది చేశాను. మన పాత చర్చిలో సిస్టర్ ఎర్లీన్‌కు ఫోన్ చేసి, ప్రార్థన గొలుసులో ఒక మనవి పెట్టించాను. పేర్లు చెప్పలేదు. "జైలుకెళ్లొచ్చిన ఒక కూతురు, తల్లిని చూసుకునే జీతం కోసం ఎదురుచూస్తోంది. తల్లికి జైలు సంగతి తెలియదు" అన్నాను, అంతే. ఎర్లీన్ సంగతి నీకు తెలుసుగా, గుచ్చి గుచ్చి అడిగింది. "పేరు దేవుడికి తెలుసులే సిస్టర్" అన్నాను. ఒకరు మరొకరికి ఫోన్ చేసుకుంటూ ఈపాటికి సంఘమంతా మోకాళ్ల మీద ఉంటుంది. ధైర్యంగా ఉండు.

నీ మేలు కోరే అక్క
ఒలీటా

బేకర్స్‌ఫీల్డ్
మార్చి 14

ప్రియమైన అక్కా,

నువ్వు ఊరు విడిచి చాలా కాలమైంది. ప్రార్థన గొలుసులో ఆఖరి ఫోన్ ఎవరికి వస్తుందో నీకు తెలియదు. మంచం పట్టినప్పటి నుంచి అమ్మకే. చర్చికి రాలేనివాళ్లకు తీరిక ఉంటుంది, వాళ్లు మనసు పెట్టి ప్రార్థిస్తారని పాస్టర్ గారు పెట్టిన పద్ధతి.

మంగళవారం అమ్మ కాళ్లు గోరువెచ్చటి నీళ్లలో పెట్టి తోముతున్నాను. ఫోన్ మోగింది. అమ్మ అంతా విని పెట్టేసింది.

"ఎవరో పాపం, జైలుకెళ్లొచ్చిన పిల్లట. తల్లికి తెలియదట. అదేం తల్లో మరి" అంది.

"తెలియనివ్వలేదేమోనమ్మా" అన్నాను.

"నువ్వు కాళ్లు తోము. వేళ్ల సందులు వదిలేస్తున్నావు."

తర్వాత తన మంచి చేయి నా తల మీద ఆనించి ప్రార్థించింది. "ప్రభువా, ఆ పిల్లకు నిజం చెప్పే నోరియ్యి. ఆ తల్లికి బుద్ధియ్యి." నా గొంతులోంచి ఆమెన్ రాలేదక్కా. నీళ్లు పారబోసే వంకతో లేచి వెళ్లిపోయాను.

అప్పటి నుంచి అమ్మకు తిండి మీద ధ్యాస లేదు. చిక్కుళ్లు సగం వదిలేస్తోంది. నిన్న ఉన్నట్టుండి, "అలాస్కాలో ఏం చేపలే?" అని అడిగింది.

"సాల్మన్."

"రుచెలా ఉంటుంది?"

"మర్చిపోయానమ్మా."

గోడ వైపు తిరిగి పడుకుంది. తెలిసి అడుగుతోందో, ఊరికే అడుగుతోందో అర్థం కావడం లేదు. ఇరవయ్యో తేదీన క్వింటేరో గారు ఇంటికి వస్తున్నారు.

లవాన్

సేలం
మార్చి 18

నా బంగారు చెల్లీ,

దేవుడి దగ్గరికని పంపిన మాట అమ్మ దగ్గరికి పంపానన్నమాట. క్వింటేరో గారు వచ్చేలోపే నువ్వు చెప్పెయ్. అమ్మ ఈ మాట పరాయి మనిషి నోట వినకూడదు. అలాస్కా కథ అల్లింది నేనేనని చెప్పి, తప్పంతా నా మీద వెయ్. నేను ఇంత దూరాన ఉన్నాను, ఎంత తిట్టినా తట్టుకుంటాను.

నిద్రలేని
ఒలీటా

బేకర్స్‌ఫీల్డ్
మార్చి 21

ప్రియమైన అక్కకు,

నీ ఉత్తరం క్వింటేరో గారు వెళ్లాక అందింది.

ఆవిడ వచ్చి కుర్చీలో కూర్చుని కాగితాలు తీశారు. "నేనే చెబుతానండీ" అన్నాను. "అమ్మా, నేను అలాస్కా వెళ్లలేదు" అని మొదలుపెట్టి చెక్కులు, కోర్టు, జైలు అన్నీ చెప్పాను. అమ్మ కిటికీ వైపే చూస్తూ విన్నది.

"అయిందా?"

"అయిందమ్మా."

అప్పుడు క్వింటేరో గారి వైపు తిరిగింది. "చూడమ్మా, మాటలొచ్చిన నాటి నుంచి ఈ పిల్ల నా ప్రార్థనకు ఆమెన్ అనకుండా లేచింది ఒక్కసారే. మొన్న. ఆ బుద్ధిలేని తల్లిని నేనేనని అప్పుడే తెలిసింది."

క్వింటేరో గారు కాగితమంతా చదివి వినిపించి, "ఆలోచించుకోవడానికి కొంచెం సమయం కావాలా?" అని అడిగారు.

"దీని కోసమే కదా ప్రార్థిస్తున్నాను, ఇంకా ఆలోచించేదేముంది? కలం ఇటియ్యి" అని ఎడమ చేత్తో వంకర సంతకం పెట్టింది. ఇక అడ్డేమీ లేదని, వచ్చే నెల నుంచి జీతం వస్తుందని చెప్పి ఆవిడ వెళ్లారు.

సాయంత్రం అమ్మకు నీళ్లు కాచి తెచ్చాను. కాళ్లు కడగడానికి కూర్చుంటే అప్పుడంది, "రెండేళ్లు. చెప్పి ఉంటే నెలనెలా చూడ్డానికి వచ్చేదాన్ని. కేకు తెచ్చేదాన్ని."

"కేకు లోపలికి రానివ్వరమ్మా."

"కేకు బయట పెట్టి నేను వచ్చేదాన్ని. మనిషిని చూసుకోవడం నీకొక్కదానికే చేతనవుతుందనుకున్నావా?"

అప్పుడు నీ ఉత్తరం తీసి చదివి వినిపించానక్కా. నీకూ ఒక మాట చెప్పమంది: బస్సెక్కి రావాలట. అలాస్కా సంగతి సంఘంలో ఆడవాళ్ల ముందు నువ్వే సరిదిద్దాలట.

ఆ తర్వాత నా తల మీద చేయి వేసింది. ఈసారి నా పేరు పెట్టే ప్రార్థించింది, నీళ్లు చల్లారేదాకా. నేను ఆమెన్ అన్నాను.

"వినపడలేదు" అంది, పెరట్లో గొణిగినా వినపడే మనిషి.

మళ్లీ అన్నాను.

నీ చెల్లి, అమ్మ దగ్గరే ఉన్న
లవాన్