నల్ల నెత్తురు

మట్టెవాడ, 1963. ఎండాకాలం, ఆదివారం.

మా మల్లేశం నిన్న కట్టెలతోని కత్తియుద్ధం ఆడుకుంట, పక్కింటి పిలగాని తల పగలగొట్టిండు. దవాఖానల నాలుగు కుట్లు పడ్డయి. "టాకీసుల ఆపరేటర్ కొడుకాయె, ఇంకేం నేర్సుకుంటడు?" అన్నది ఆ పిలగాని తల్లి.

ఫిలిం తెగినప్పుడల్లా కత్తిరించిన ముక్కలు వానికి తెచ్చిచ్చింది నేనే. పద్నాలుగేండ్లొచ్చినా వాటి మీదనే వాని పానం. పొద్దున వాడు అవి దాసుకునే డబ్బా పారేద్దామని కోపంతోని పోయిన. వాడు తలుపు సందుల అద్దం పెట్టి, నీళ్లు నింపిన బల్బు మీదికి ఎండను మళ్లించి, నడుమ ఫిలిం ముక్క పట్టుకున్నడు. గోడ మీద ఒక రాజు కత్తి ఎత్తి, నీళ్లల్ల నీడ లెక్క మెల్లగ ఊగుతాండు. నేను గూడ కోపం మర్చిపోయి చూస్కుంట నిలబడ్డ.

"బాపూ, సినిమాల నెత్తురు నల్లగుంటది గదా," అన్నడు వాడు వెనక్కి తిరగకుండనే. "నిన్న ఎర్రగొచ్చింది. జర వెచ్చగ గూడ ఉండె."

గోడ మీద రాజు వణికిండు.

డబ్బా పారెయ్యలే. ఇయ్యాల రెండాటలు నడిపిన. కత్తి దిగినప్పుడల్లా జనం ఈలలేసిండ్రు. నాకొక్కనికే తెర మీద ఎర్రగ కనవడ్డది.