రిబ్బన్ కట్టిన బంతి

మహిళల ఫుట్‌బాల్ లీగ్ నిర్వాహక అధికారి గారి సముఖమునకు,
మచిలీపట్నం.

అయ్యా,

విషయం: రెండో డివిజన్ ఆఖరి మ్యాచ్‌ను ఆడనివ్వకుండా టాస్‌తో తేల్చినందుకు అభ్యంతరం, మళ్ళీ ఆడించమని కోరుట గురించి.

పెడన మహిళల జట్టు కెప్టెన్, కలంకారీ అద్దకం పని చేసుకొను నీలోఫర్ అను నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. గత ఆదివారం సాయంత్రం నాలుగు గంటలకు బందరులో మాకూ గుడివాడ జట్టుకూ మ్యాచ్ జరగవలసి ఉండినది. గెలిచినవారు మొదటి డివిజన్‌కు వెళ్తారు. సదరు సమయానికి రెండు జట్లూ, రిఫరీ గారూ, ఎండా హాజరు. ముఖ్య అతిథి అయిన తమరు గైర్హాజరు.

2. తమరు తన్ని ప్రారంభించవలసిన బంతికి ఎర్ర రిబ్బన్ కట్టి, గులాబీ రేకుల పళ్ళెంలో పెట్టి, బల్ల మీద ఉంచారు. నేను తీయబోతే మైదానంలో ఏర్పాట్లు చూసే శామ్యూల్ రాజ్ గారు, "అమ్మా, సార్ తన్నకుండా ఎవరూ ముట్టుకోకూడదమ్మా" అన్నారు. మాకు తెలిసినంతలో బంతి ఆడుకునే వస్తువు.

3. తమరు పొద్దుగూకే వేళకు వేంచేసితిరి. ఆపైన శాలువాలు, బొకేలు, మహిళా సాధికారత మీద తమ ప్రసంగం. చీకటి పడింది. మైదానంలో లైట్లు లేవు. "టాస్ వేసెయ్యండి, ఆడపిల్లలు ఇళ్ళకు వెళ్ళాలి కదా" అని తమరే సెలవిచ్చారు. టాస్ గుడివాడ గెలిచింది. మేము ఓడిపోలేదండీ, అసలు ఆడనేలేదు.

4. మా ఫార్వర్డ్ ఇఫ్రా ఫోన్లో స్వీడన్ ఆడవాళ్ళ నాలుగో డివిజన్ మ్యాచ్‌లు చూస్తుంది. అక్కడ చూసేవాళ్ళు పట్టుమని నలభై మంది ఉండరు. అయినా టైముకి విజిల్ వేస్తారు. "చీఫ్ గెస్ట్ ఎవరే?" అని నేను అడిగితే, ఫోన్లో మైదానం గీత పక్కన కూర్చున్న కుక్కను చూపించి, "అదేనేమో అక్కా, అందరికంటే ముందొచ్చింది" అంది.

5. ఇఫ్రా తండ్రి బషీర్ గారు, "ఈసారి మొదటి డివిజన్‌కి వెళ్తే ఆడుకో, లేకపోతే బంతి మాట ఎత్తొద్దు" అని ముందే చెప్పి ఉన్నారు. టాస్ పడ్డాక ఆ పిల్ల ఏడవలేదు. బూట్లు విప్పి నా చేతిలో పెట్టింది. ఇప్పుడు నా పక్కనే నిలబడి గుడ్డ మీద అచ్చులు అద్దుతోంది. చూస్తుంటే ఒళ్ళు మండిపోతోందండీ. దీన్ని విన్నపం అనాలి కాబట్టి అంటున్నాను.

గుడివాడ కెప్టెన్ హర్షిణి ఫోన్ చేసి, "ఈ గెలుపు నాకొద్దక్కా, ఆడే తేల్చుకుందాం" అన్నది. కింద సంతకం కూడా చేసింది.

కావున వచ్చే ఆదివారం నాలుగు గంటలకు అదే మైదానంలో ఆడుకొనెదము. రిఫరీ గారు ఒప్పుకున్నారు. లీగ్ ముద్ర ఉంటేనే బషీర్ గారు నమ్ముతారు గనుక, ఎవరు గెలిచినా ఆ ఫలితాన్ని నమోదు చేయించవలెనని ప్రార్థిస్తున్నాను. ముఖ్య అతిథిని పిలవడం లేదు.

ఆదివారం దాకా తమ విధేయురాలు,
నీలోఫర్

నాదీ ఇదే మాట: హర్షిణి, గుడివాడ

తా.క.: మ్యాచ్ బంతి కనపడటం లేదని శామ్యూల్ రాజ్ గారు వెతుకుతున్నారట. వెతకొద్దని చెప్పండి, మా దగ్గరే ఉంది. నిన్న దాన్ని చూసి ఇఫ్రా తన బూట్లు అడిగింది. రిబ్బన్ మాత్రం విప్పి ఈ అర్జీకి జతపరిచాను. తమరికి ఇంకో ప్రారంభోత్సవానికి పనికొస్తుంది.