నన్ను నమ్మి ఇచ్చిన పాస్‌వర్డులు

శనివారం రాత్రి, కోయిలకుంట్ల

ఏమప్పా, ఇల్లిల్లూ తిరిగి భాగవతం చెప్పేవాడా, నీ ఫోన్‌కు కాపలా ఎవరు?

పొద్దున కథ మధ్యలో తంబూర శ్రుతి మోగించమని ఫోన్‌ను మైకుసెట్టు మద్దిలేటి చేతికిస్తి. కథ చెప్పిన ఇండ్లోళ్లు నాకిచ్చిన వైఫై పాస్‌వర్డులు దాంట్లో దాచుకోనుంటే, వాడు అన్నీ ఫొటోలు తీసుకున్యాడు. సాయంత్రం చూస్తే ఆ ఇండ్లల్లో ఒకటి, లక్ష్మక్క ఇంటి అరుగు మీద కూర్చోని, ఆమె నెట్టుతోనే సినిమా చూస్తాండాడు. నిలదీస్తే నగుతాడు.

"నువ్వు కథ చెప్పిన ఇండ్ల పాస్‌వర్డులన్నీ ఇప్పుడు నా ఫోన్‌లోనే ఉండాయి గదా సామీ! ప్రసాదం పంచుకుంటే పాపమా?"

ప్రసాదమంట, దొంగనాయాలు! హిరణ్యకశిపుడన్నా ఎదురుగా నిలబడి కొట్లాడినాడు. లక్ష్మక్క ఒంటరి మనిషి, నన్ను నమ్మి పాస్‌వర్డ్ ఇచ్చింది. వాడు ఆ నెట్టుతో ఏ పాడుపని చేసినా పోలీసులు తట్టేది ఆమె తలుపే...

రాసింది చాలు, లెయ్. ఇప్పుడే లక్ష్మక్కకు ఫోన్ చెయ్, పాస్‌వర్డ్ ఈ పొద్దే మార్పించు!