పక్క సీటు బరువు

ఆదివారం

ఊళ్లో సోనారి పేట మెకానిక్ నా పాత స్పోర్ట్స్ కారుకి గట్టి స్ప్రింగులు, వాటికి తగ్గ, ఊగిసలాట ఆపే డాంపర్లు పరీక్షకని బిగించాడు. అక్కడి నున్నటి రోడ్డు మీద మలుపుల్లో బండి ఒరగనే లేదు. ఇవే ఖాయమనుకున్నాను. ఇల్లు వంతెన అవతల, గుంటల రోడ్ల మాంగో పేటలో ఉందన్న సంగతే మరిచాను!

సాయంత్రం బజారు నుంచి అమ్మని ఎక్కించుకొచ్చాను. వంతెన దాటాక ప్రతి గుంటకీ అమ్మ చేత్తో నడుం పట్టుకుంది.

"ఏట్రా ఇది? రేపట్నుంచి నాను ఆటోలో ఎల్లిపోతాన్లే," అంది.

మెత్తవి వేయిస్తే మలుపుల్లో ఒరుగుతుంది. మరింక స్పోర్ట్స్ కారెందుకు?

ఇందాక మెకానిక్ ఫోన్ చేశాడు. "భయ్యా, బగల్ మే రోజ్ కౌన్ బైఠేగా?" పక్కన రోజూ ఎవరు కూర్చుంటారని అడిగాడు; ఆ బరువుని బట్టే స్ప్రింగులు తెప్పిస్తాడట. రేపు చెబుతానన్నాను.

ఉన్నవి రెండే సీట్లు. అమ్మ బరువు చెప్పాలా, అమ్మని ఆటోలో పోనిచ్చి ఖాళీ అని చెప్పాలా?