గడ్డలో కాపురమున్నవి

తమ్ముడూ,

ఎప్పుడూ నీకు కృప తోడుండాలని ఉత్తరం మొదలుపెట్టేవాణ్ణి. ఇవాళ కలం అంతవరకూ సాగడం లేదు. ఆదివారం కూటంలో నా బదులు వాక్యం నువ్వే చెప్పాలి.

మీ వదిన కడుపులోని క్యాన్సర్ గడ్డ ఇన్ని నెలల మందుకూ లొంగలేదు. సూదితో ముక్క తీసి పరీక్ష చేశాక డాక్టరమ్మ కారణం చెప్పారు. గడ్డ లోపల బాక్టీరియా కాపురం పెట్టాయట. ఎక్కించిన మందు క్యాన్సర్ కణాలను చంపేలోపే ఆ క్రిములు దాన్ని విరిచి పనికిరాకుండా చేస్తున్నాయట. ముందు వాటిని చంపే మాత్రలిచ్చి, మళ్ళీ మందు ఎక్కించి చూస్తారట. "నయమవుతుందా?" అని అడిగితే, "మాటివ్వలేనండీ" అన్నారు.

ఇన్నాళ్ళూ ఆ కడుపు మీద చెయ్యి పెట్టి, గొంతు బొంగురుపోయేలా దయ్యాన్ని గద్దించాను కదా! మీ వదిన నవ్వి, "పాపం, లేని దయ్యాన్ని ఎంత హడలగొట్టారండీ!" అంది. నాకు నవ్వు రాలేదు. ఆ క్రిములను చేసింది కూడా మన దేవుడే. గ్రంథమంతా తిరగేశాను. వాటిని ఏమని శపించాలో ఎక్కడా దొరకలేదు.

ఇందాక మీ వదిన జావ ముందు కూర్చుని, నేను సంఘానికి నేర్పిన భోజన ప్రార్థనే చేసింది. "తండ్రీ, నువ్వు చేసిన ఏ ప్రాణినీ పస్తుంచకు" అంది. ఆ ప్రాణుల్లో ఆ క్రిములూ ఉన్నాయి కదా, తమ్ముడూ! నేను ఆమేన్ అంటేనే తను తినడం మొదలుపెడుతుంది.

"అనండి, చాన్నాళ్ళకి ఆకలేస్తోంది" అంది.

తను చెంచా పట్టుకుని కూర్చునే ఉంది. నేను ఆమేన్ అనకుండానే వసారాలోకి వచ్చి నీకిది రాస్తున్నాను.

నీ అన్న