వెనక్కి జరిగిన సీటు

చెల్లాయ్,

నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటావు. ఫోనులో నువ్వు అడుగడుక్కీ అడ్డు తగులుతావు, నేను చెప్పాల్సింది సగంలోనే మింగేస్తాను. అందుకే రాస్తున్నాను. చదివి చించెయ్.

తమ్ముడి కారు సంగతి నీకు తెలుసు. ఆ కరెంటు కారు. లీజుకు తీసుకున్నది. వచ్చే నెలతో గడువు అయిపోతుంది. మిగిలిన సొమ్ము కట్టి సొంతం చేసుకోవడమా, తాళాలు వాళ్ళ చేతిలో పెట్టి దణ్ణం పెట్టడమా అని వాడు నలిగిపోతున్నాడు. వాడి మనసు ఇచ్చేయడం మీదే ఉంది. "ఇంత బండి నాకెందుకక్కా? కూరగాయలకి ఏనుగు మీద వెళ్ళినట్టుంటోంది" అంటాడు. ఎక్కువ రోజులు బండి ఇంట్లోనే పెట్టి ఆఫీసు వ్యానులో వెళ్తున్నాడు కూడా. వింత ఏమిటంటే, మరదలు కొనమంటోంది. బండి ఇంటికొచ్చిన రోజు "అద్దె సొమ్ముకు అంత ఆర్భాటమా" అని మూతి ముడిచిన మనిషి, ఇప్పుడు "కావాలంటే నా నగలు అమ్మండి, బండి మాత్రం ఇవ్వద్దు" అంటోంది. ఎందుకో చెప్పదు.

నిన్న ఆ కంపెనీ వాళ్ళ దగ్గరకు బండిని తనిఖీకి తీసుకెళ్తూ నన్ను తోడు రమ్మన్నాడు. రెండు తాళాలూ తెమ్మన్నారట. మరదలు నాన్నకు స్నానం చేయిస్తుంటే, మేకుకు తగిలించి ఉన్న ఆమె తాళం కూడా వీడే తీసుకొచ్చాడు. ఆ బండికో గుణం ఉంది. ఏ తాళంతో తెరిస్తే ఆ మనిషి కొలతకు సీటూ అద్దాలూ వాటంతటవే సర్దుకుంటాయి. అక్కడి మెకానిక్కు మరదలి తాళంతో తలుపు తీశాడు. సీటు వెనక్కి జరగడం మొదలుపెట్టింది. జరిగింది, ఇంకా జరిగింది, ఇక జరగడానికి చోటు లేనంతదాకా జరిగింది. అద్దం పైకి లేచింది.

"మేడం గారు భలే పొడుగే సార్! బాస్కెట్‌బాల్ ఆడేవారా?" అన్నాడు మెకానిక్కు.

తమ్ముడు నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. వంటింట్లో పై అర అందుకోవాలంటే పీట వేసుకునే పిల్ల కదా మన మరదలు!

ఇంటి మలుపు దగ్గర బండి పక్కకు తీసి ఆపి, ఒకటే మాట అడిగాడు. "ఎవడక్కా వాడు?"

తొందరపడకురా అన్నాను. "నేనడిగితే ఇల్లు రెండు ముక్కలవుతుంది. నువ్వు కనుక్కో. నీ ముందు ఎవరూ అబద్ధం ఆడలేరు" అన్నాడు. ఆ నమ్మకం ఎంత బరువో వాడికి తెలియదు. వారం రోజులు ఇక్కడే ఉంటానని చెప్పాను.

మేం లోపలికి వచ్చేసరికి మరదలు కిటికీ దగ్గర నాన్న కుర్చీ పక్కన కూర్చుని స్పూనుతో తినిపిస్తోంది. "రండి వదినా. ఈ పూట మామయ్య గారికి నా మీద అలక. నోరు తెరవరట!" అని నవ్వింది. నాన్న సంగతి అలాగే ఉంది. మనుషుల్ని పోల్చుకోవడం లేదు, మాట లేదు, ముద్ద పెడితేనే తింటాడు. కన్నపిల్లలం మనం చేయని చాకిరీ ఆ పిల్ల చేస్తోంది. ఆ చేతుల్నే నేను అనుమానంతో చూడాల్సి వచ్చింది. పొద్దున ప్రార్థనకు కూర్చుంటే, కళ్ళు మూయగానే ఆ సీటే జరుగుతోంది.

ఎవరితోనూ అనకు. మీ ఆయనతో కూడా.

నోరు కట్టుకుని కూర్చున్న
నీ అక్క


చెల్లాయ్,

కూర్చుని చదువు. ఆ సీటు మగవాడిదే. పొడగరే. మరదలు అతన్ని చాటుగా బండిలో తీసుకెళ్తున్న మాటా నిజమే.

అతను నాన్న.

నాకూ నమ్మకం కలగలేదు. మధ్యాహ్నం నేను పడుకున్నాననుకుని మరదలు చప్పుడు చేయకుండా తలుపు దగ్గరకు వేసింది. లిఫ్టు దిగిన చప్పుడు విని మెట్ల మీంచి వెళ్ళాను. మోకాళ్ళ నొప్పి గుర్తే రాలేదు. కింద పార్కింగులో ఆమె నాన్న చేయి పట్టుకుని బండి దాకా నడిపిస్తోంది. నాన్న తల వంచి బండెక్కుతున్నాడు. చూస్తూ అలాగే నిలబడిపోయాను. ఆ మనిషి పొడుగు మనం మరిచేపోయాం, చెల్లాయ్. ఇన్నేళ్ళుగా కుర్చీలోనే కదా చూస్తున్నాం.

నన్ను చూసి మరదలి ముఖం తెల్లబోయింది. "వదినా, మీ తమ్ముడితో చెప్పకండి" అంది. వెనక తలుపు తీసి ఎక్కి కూర్చున్నాను.

వీధి చివర మూతపడిన గిడ్డంగి ఉంది. చుట్టూ గోడ, లోపల లారీలు తిరిగేంత ఖాళీ జాగా. కాపలావాడు మరదలిని చూడగానే గేటు తీశాడు. సీటు తనకు తగ్గట్టు ముందుకు జరుపుకుని అక్కడి దాకా తను నడిపింది. లోపల దిగి, తాళం నొక్కి సీటు మళ్ళీ వెనక్కి జరిపి నాన్నకు ఇచ్చింది. నాన్న రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, అద్దంలోకి చూశాడు. నన్నే చూశాడు.

"తలుపు గట్టిగా వెయ్యండమ్మా" అన్నాడు.

నాన్న గొంతు! కూతుర్నని తెలియదు. ప్రయాణికురాలిని అనుకున్నాడు. తలుపు తీసి మళ్ళీ గట్టిగా వేశాను.

బండి కదలలేదు. మరదలు పక్క సీట్లో సర్దుకుని, డోరు మీద అరచేత్తో చరిచి "రైట్ రైట్!" అని కేకేసింది. అప్పుడు కదిలింది. బతుకంతా సిటీ బస్సు నడిపిన మనిషి. కండక్టరు చెప్పనిదే బండి తీస్తాడా! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, రెండూ రాకుండా పోయాయి. గోడ వెంట నిదానంగా తిప్పుతున్నాడు. మలుపులో చేతులు ఒకదాని మీంచి ఒకటి దాటుతుంటే నీళ్ళు పారుతున్నట్టుంది. ఒకచోట ఆపి "దిగేవాళ్ళు దిగాలి" అన్నాడు. ఎవరు దిగాలి? మరదలు నా వైపు తిరిగి "దిగండి వదినా, లేకపోతే పోనివ్వరు" అని గుసగుసలాడింది. దిగాను. అటు తిరిగి ఇంకో తలుపులోంచి ఎక్కాను. యాభై దాటిన దాన్ని, ఖాళీ జాగాలో ఎక్కడం దిగడం! కాపలావాడు నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

ఇంటికి వచ్చాక నాన్న చేతులు కడుక్కుని, కంచం దగ్గరకు లాక్కుని, తన చేత్తో అన్నం తిన్నాడు. "బండి నడిపిన రోజు ఇంతే వదినా. తనే తింటారు. నాలుగు మాటలు మాట్లాడతారు. తెల్లారితే మళ్ళీ ఆ కుర్చీ, ఆ కిటికీ" అంది మరదలు. ఓసారి ఆసుపత్రి నుంచి వస్తుంటే నాన్న ఆమె చేయి విదిలించుకుని వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చున్నాడట. "టైమయింది" అన్నాడట. ఎన్నాళ్ళకో వచ్చిన మాట. అలా మొదలైంది. పక్కింటి వాళ్ళ పాత కారుతో కూడా చూసిందట. గేర్లు కలవక కుదుపులొచ్చి నాన్న భయపడి దిగిపోయాడట. ఈ బండికి గేర్లు లేవు, వేగం మించకుండా కట్టు వేయొచ్చు. సీటు ఏమాత్రం ఇరుకైనా ఎక్కడట. అందుకే తన తాళంలో ఆయన కొలత దాచింది.

సాయంత్రం తమ్ముడు రాగానే ఆమె ఎదుటే చెప్పేశాను. వాడు కింద కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ముందు ఊపిరి తీసుకున్నాడు. వెంటనే లేచి అరిచాడు.

"నీకేమన్నా పిచ్చా? తన పేరు తెలియని మనిషికి స్టీరింగు ఇస్తావా? డాక్టరు ఏం చెప్పాడు?"

"డాక్టరు మూడు పూటలా తినిపించమని కూడా చెప్పాడు. వచ్చి తినిపించాడా?"

"గోడకు కొట్టుంటే?"

"రోజూ ఆ కిటికీని చూస్తూ కూర్చోవడం గోడకు కొట్టుకోవడం కాదా?"

"రేపే బండి ఇచ్చేస్తాను!"

"ఇచ్చెయ్యండి. మామయ్య గారిని కూడా అందులోనే కూర్చోబెట్టి ఇచ్చెయ్యండి."

ఆ తర్వాత ఇద్దరూ నా వైపు తిరిగారు. పెద్దదాన్ని కదా. బండి కొంటే నాన్నకు ప్రాణం లేచొస్తుంది. కాని ఏదో ఒకరోజు ఎవరి ప్రాణమైనా పోవచ్చు. ఇచ్చేస్తే అందరూ క్షేమం, నాన్న తప్ప. ఎటు చెప్పినా పాపమే అనిపిస్తోంది. నువ్వు నర్సువి, ఇలాంటి వాళ్ళను చూసినదానివి. నీ మాట రాయి. నీ జవాబు వచ్చేదాకా ఓపిక పట్టమని వాళ్ళకు చెప్పాను.

దారి కానక
అక్క


చెల్లాయ్,

నీ జవాబు అందింది. "కొనెయ్యండి, నా వంతు నేనిస్తాను, నాన్న ఒక్క ముద్ద తన చేత్తో తింటే చాలు" అని రాశావు. నేనూ అదే చెప్దామని నిశ్చయించుకున్నాను. తమ్ముడే ఒప్పుకోలేదు. ఒక్కసారి కళ్ళారా చూడరా, చూశాక నీ ఇష్టం అన్నాను. సెలవు రోజున నలుగురం వెళ్ళాం.

తమ్ముడు నా పక్కన వెనక సీట్లో బిగుసుకుని కూర్చున్నాడు. నాన్న అద్దంలో వాణ్ణి చూసి, "టికెట్ తీసుకున్నావా నాయనా?" అన్నాడు.

"తీసుకున్నానండీ" అన్నాడు తమ్ముడు. కన్నతండ్రిని "అండీ" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు.

మరదలు కేక వేసింది. బండి కదిలింది. ఒక చుట్టు, ఇంకో చుట్టు. తమ్ముడు నాన్న చేతుల వైపే చూస్తున్నాడు. చిన్నప్పుడు బస్సులో డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని వాడు అలాగే చూసేవాడు, గుర్తుందా? కాసేపటికి నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "కొనేద్దామక్కా. సంతకం పెట్టేస్తాను" అన్నాడు. ముందు సీట్లో మరదలు కొంగుతో కళ్ళొత్తుకుంది. దేవుడు దయ తలిచాడనుకున్నాను.

బండి దబ్బున ఆగింది. అందరం ముందుకు తూలాం.

ఎదురుగా కాపలావాడు, సైకిలు పట్టుకుని. చాటు నుంచి రాలేదు, చెల్లాయ్. పట్టపగలు, నట్టనడుమ, మాకెదురుగానే నడిచి వస్తున్నాడు. మేం ముగ్గురం నాన్ననే చూస్తున్నాం, దారి చూడలేదు. అడ్డు వస్తే ఆ బండి తనంతట తనే ఆగుతుంది. మరదలి ధైర్యమంతా అదే. అలాగే ఆగింది. సైకిలు చక్రానికి మూరెడు ఇవతల.

నాన్న కిందికి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"నేనాపలేదు" అన్నాడు.

"మీరే ఆపారు డ్రైవరు గారూ. భలే ఆపారు" అంది మరదలు.

"నా కాలు బ్రేకు మీద లేదమ్మా."

"పోనీలెండి, ఆగింది కదా."

"బండి ఆగింది. నాకు మనిషి కనపడలేదు."

నాన్న అద్దంలోంచి నన్నూ తమ్ముణ్ణీ చూశాడు. "బండిలో జనం ఉన్నారు" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు. తలుపు తీసి దిగాడు. కాపలావాడి దగ్గరకు వెళ్ళి, వాడి భుజాలూ చేతులూ తడిమి చూశాడు.

"తగిలిందా?"

"లేదు పెద్దాయనా, నన్ను తాకనే లేదు."

"నువ్వు నాకు కనపడలేదు నాయనా" అన్నాడు. మళ్ళీ అదే మాట అన్నాడు.

అప్పుడు మరదలి వైపు తిరిగాడు. నిటారుగా నిలబడ్డాడు. "డిపోలో చెప్పండి. నాకు చూపు ఆనడం లేదు. ఇక నేను బండి ఎక్కకూడదు. ఇంకో డ్రైవర్ని పంపమనండి" అన్నాడు.

మన పేర్లు తెలియవు. తిన్నాడో లేదో తెలియదు. ఆ ఒక్క సంగతి మాత్రం తెలిసింది.

వెనక తలుపు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. నేను జరిగి చోటిచ్చాను. నా పక్కన, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ప్రయాణికుడిలా కూర్చున్నాడు. తమ్ముడు వెళ్ళి స్టీరింగు పట్టుకున్నాడు. నేను నోట్లో ప్రార్థన మొదలుపెట్టాను. ఏం అడగాలో తెలియక మధ్యలోనే ఆపేశాను.

ఆ పూట నాన్న తన చేత్తో తినలేదు. మరదలే తినిపించింది. రెండు రోజులాగి, ఉండబట్టలేక, మళ్ళీ తీసుకెళ్ళి డ్రైవరు తలుపు తీసిందట. నాన్న దాన్ని మర్యాదగా మూసి, వెనక తలుపు దగ్గరకు వెళ్ళి నిలబడ్డాడట. "నన్ను తిట్టినా బాగుండేది వదినా" అని వెక్కి వెక్కి ఏడ్చింది. తమ్ముడు పక్కనే నిలబడి ఆమె తల నిమిరాడు. అనుమానించినందుకు క్షమించమని ఇంకా అడగలేదు. అడుగుతాడు. అడిగేదాకా నేనూ ఊరుకోను.

నిన్న బండి ఇచ్చేశాం. నేనూ వెళ్ళాను. అక్కడి అధికారి బండి చుట్టూ తిరిగి చూసి, "గీత కూడా పడలేదు సార్. కొత్తదానిలా ఉంచారు. కొనుక్కోకుండా ఎందుకు వదిలేస్తున్నారు?" అని అడిగాడు.

తమ్ముడు రెండు తాళాలూ బల్ల మీద పెట్టాడు.

"మా డ్రైవరు గారు వద్దన్నారండీ" అన్నాడు.

నీ వంతు పంపకు. సెలవు పెట్టి రా.

నీ కోసం చూస్తూ
అక్క